కథలు ఉచితంగా ఇవ్వండి మాస్టారూ, నవల మాత్రం ఆపండి

ప్రశ్న: నేను ప్రకాశం జిల్లాలో తెలుగు పండితుడిగా పనిచేసి రిటైరయ్యాను. పొగాకు రైతులు, బ్యారన్ (పొగాకు ఆకు కాల్చే కొట్టు) కూలీల బతుకుల మీద ముప్పై ఏళ్లుగా రాసిన కథల్లోంచి 18 ఎంచి 2019లో సొంత డబ్బుతో పుస్తకం వేశాను. 500 కాపీలు, వెల 150 రూపాయలు. కొన్ని మిత్రులకు పంచాను, కొన్ని అమ్ముడయ్యాయి, షాపులకు ఇచ్చినవాటి డబ్బు సగం రానేలేదు. ఇంకా 180 కాపీలు ఇంట్లో అట్టపెట్టెల్లో ఉన్నాయి. డల్లాస్‌లో ఉంటున్న మా అబ్బాయి ‘నాన్నా, పీడీఎఫ్ చేసి వాట్సాప్ గ్రూపుల్లో ఫ్రీగా పెట్టేద్దాం, నలుగురూ చదువుతారు’ అంటున్నాడు. నా స్నేహితుడు, ఆయనా రచయితే, ‘ఊరికే ఇచ్చినదాన్ని ఎవరూ చదవరు, పైగా నీ కథ ఎవడో తన పేరు పెట్టుకుని షార్ట్ ఫిల్మ్ తీసుకుంటాడు’ అని భయపెడుతున్నాడు. ఒక నవల కూడా పూర్తయింది. దాన్ని అచ్చు వేయకుండా నేరుగా ఉచిత ఈబుక్‌గా ఇచ్చేస్తే ఖర్చు తప్పుతుంది కదా అనిపిస్తోంది. డబ్బు మీద నాకు ఆశ లేదు. చదివేవాళ్లు కావాలి. ఏం చేయమంటారు?

సమాధానం:

మాస్టారూ, నమస్కారం.

ముందు జవాబు చెప్పేస్తాను, కారణాలు తర్వాత. కథల పుస్తకాన్ని ఉచిత ఈబుక్‌గా ఇవ్వండి. నవలను మాత్రం కనీసం మొదటి రెండేళ్లు అలా ఇవ్వకండి. మీ అబ్బాయి చెప్పింది కథల పుస్తకం విషయంలో సరైన మాట. మీ స్నేహితుడు చెప్పింది నవల విషయంలో సరైన మాట.

కథల పుస్తకం వచ్చి ఏళ్లు గడిచాయి. కొనేవాళ్లు కొన్నారు, షాపుల నుంచి రావాల్సింది వచ్చినంత వచ్చింది. ఉచితంగా ఇస్తే దెబ్బతినే అమ్మకం అంటూ ఇప్పుడేమీ లేదు. మరోపక్క, ఆ కథలు చదవాల్సిన మనిషి ఎక్కడున్నాడో ఆలోచించండి. కొండపి నుంచో టంగుటూరు నుంచో చదువుకుని వెళ్లి బెంగళూరులోనో మస్కట్‌లోనో ఉద్యోగం చేసుకుంటున్నాడు. ఆకు కాల్చే రోజుల్లో రాత్రుళ్లు బ్యారన్ దగ్గరే మంట చూసుకుంటూ గడిపిన తండ్రి అతనికి గుర్తున్నాడు. మీ కథ చేతికి అందితే అతను వదిలిపెట్టడు, కానీ అందే దారే లేదు. జిల్లా పట్టణాల్లో సాహిత్య పుస్తకాలు పెట్టే షాపులు చాలావరకు మూతపడ్డాయి. హైదరాబాద్ బుక్ ఫెయిర్‌కో, జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవానికో వెళ్లగలిగినవాళ్లకే కొత్త తెలుగు పుస్తకం కంటపడుతోంది. మీ 150 రూపాయల పుస్తకాన్ని అమెరికాకు పంపాలంటే పోస్టు ఖర్చే పుస్తకం వెలకు కొన్ని రెట్లవుతుంది. ఈబుక్‌కు ఈ అడ్డంకులేవీ లేవు.

తెలుగులో ఉచితంగా అందుబాటులో ఉంచడం వల్ల జరిగిన మేలు చిన్నది కాదు. ‘ఈమాట’ వెబ్ పత్రిక 1998 నుంచీ ఒక్క రూపాయి అడగకుండా ప్రపంచంలో ఏ మూలనున్న తెలుగువాళ్లకైనా కథలు, కవిత్వం, విమర్శ అందిస్తోంది. చిత్తూరు జిల్లాలో పుట్టిన కంప్యూటర్ శాస్త్రవేత్త రాజ్ రెడ్డి పూనికతో మొదలైన డిజిటల్ లైబ్రరీ ప్రయత్నం వల్ల వేల పాత తెలుగు పుస్తకాలు స్కాన్ అయి, ఇవాళ ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో దొరుకుతున్నాయి. ఒకప్పుడు ఏ గ్రంథాలయం అటకమీదో చెదలు పట్టిపోవాల్సిన పుస్తకాలను ఇప్పుడు పరిశోధక విద్యార్థులు ఫోన్లోనే తిరగేస్తున్నారు. మీ కథలు కూడా అలా నిలవాలి. పొగాకు మీద బతికిన ఊళ్ల గురించి పదేళ్ల తర్వాత ఎవరైనా రాయాలనుకుంటే, మీ కథలు వాళ్లకు ఆధారమవుతాయి.

అమెరికాలో బేన్ బుక్స్ అనే ప్రచురణ సంస్థ 1999లోనే ఉచిత ఈబుక్ లైబ్రరీ ఒకటి మొదలుపెట్టింది. అక్కడ పెట్టినవి ఎక్కువగా పాత పుస్తకాలు, సిరీస్‌లలో మొదటి భాగాలు. ఒకటి చదివి నచ్చినవాళ్లు మిగతావి కొంటారన్నది వాళ్ల లెక్క. కోరీ డాక్టరో అనే ఇంగ్లీషు రచయిత 2003లో తన మొదటి నవలను అచ్చు పుస్తకం వచ్చిన రోజే ఉచితంగా కూడా విడుదల చేశాడు. ఉచితం అమ్మకాన్ని పెంచుతుందని చెప్పేవాళ్లు ఈ ఉదాహరణలే చూపిస్తారు, బహుశా మీ అబ్బాయి కూడా వినే ఉంటాడు. కాకపోతే వాళ్ల వెనక దేశమంతటా పుస్తకాల షాపులున్నాయి. ఈబుక్ నచ్చిన పాఠకుడు మరునాడే అచ్చు పుస్తకం కొనుక్కోగలడు. మన దగ్గర ఆ రెండో మెట్టు లేదు. మీ కథ చదివి కళ్లు చెమర్చినవాడికి కూడా మీ పుస్తకం ఎక్కడ దొరుకుతుందో తెలియదు. అందుకని మీ ఉచిత ఈబుక్ మొదటి పేజీలోనూ చివరి పేజీలోనూ మీ ఫోన్ నంబర్, యూపీఐ ఐడీ, అచ్చు పుస్తకం వెల, పోస్టు ఖర్చు స్పష్టంగా ఉండాలి. ‘ఈ పుస్తకం కాగితం మీద కావాలంటే ఈ నంబర్‌కు మెసేజ్ పెట్టండి’ అని ఒక్క వాక్యం చాలు. ఇది లేకపోతే ఉచితంగా ఇచ్చి మీకు దక్కే పెద్ద ప్రయోజనం సగం పోతుంది.

ఇక మీ ఉత్తరంలో నన్ను ఆపిన మాట దగ్గరికి వస్తాను. ‘చదివేవాళ్లు కావాలి’ అన్నారు. ఉచిత పుస్తకం చేతులు మారుతుంది, చదవబడుతుందని మాత్రం హామీ లేదు. ఈ తేడాను మీ అబ్బాయి గమనించలేదనుకుంటాను. వాట్సాప్ గ్రూపులో పీడీఎఫ్ పడగానే యాభై మంది నమస్కారం బొమ్మలు పెడతారు, పది మంది ‘ధన్యవాదాలు మాస్టారూ’ అంటారు, ఆ సాయంత్రానికే ఇంకో మూడు పీడీఎఫ్‌లు వచ్చి మీదాన్ని కిందికి తోసేస్తాయి. ‘తీరిగ్గా చదువుదాం’ అనుకుని దింపుకున్న పుస్తకాలు మనందరి ఫోన్లలో వందల్లో ఉన్నాయి. 150 రూపాయలు పెట్టి కొన్నవాడు కనీసం మొదటి రెండు కథలైనా చదువుతాడు, పెట్టిన డబ్బు గుర్తొస్తుంది కాబట్టి. ఉచితంగా వచ్చినవాడికి ఆ ఒత్తిడి లేదు. డౌన్‌లోడ్ల సంఖ్య చూసి పాఠకులొచ్చారని సంబరపడి, ఆర్నెల్లయినా ఒక్క ఉత్తరం రాకపోతే మనసు విరిగి రాయడమే మానేసే పరిస్థితి మీకు రాకూడదు.

అందుకే 18 కథలూ ఒకేసారి గంపగుత్తగా పంచకండి. పదిహేను రోజులకో కథ చొప్పున, విడివిడి ఫైళ్లుగా పంపండి. ఒక్క కథ పావుగంటలో అయిపోతుంది, బస్సులో కూర్చుని చదివేయవచ్చు. ప్రతి కథ చివరా ‘మీకేమనిపించిందో రెండు ముక్కలు రాయండి’ అని మీ నంబర్ ఇవ్వండి. అలా రాసినవాళ్ల పేర్లు, ఊళ్లు ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. అన్ని కథలూ అయ్యాక మొత్తం పుస్తకాన్ని ఈబుక్‌గా విడుదల చేయండి. అప్పటికి మీ దగ్గర నిజంగా చదివినవాళ్ల జాబితా ఒకటి ఉంటుంది. నలభై మందే ఉన్నా సరే, నవల వచ్చినప్పుడు మీరు ముందుగా చెప్పాల్సింది వాళ్లకే.

ఫైలు తయారీ సంగతి ఇప్పుడు కాస్త వివరంగా చెప్పాలి, ఎక్కువమంది చెడగొట్టుకునేది ఇక్కడే. మీ పుస్తకం డీటీపీ బహుశా అను ఫాంట్లలో (అచ్చు పని కోసం వాడే తెలుగు ఫాంట్లు) జరిగి ఉంటుంది. డీటీపీ ఆపరేటర్ దగ్గరున్న ఆ ఫైలును అలాగే పీడీఎఫ్ చేస్తే చూడటానికి అచ్చు పేజీలా బాగానే ఉంటుంది. కానీ ఫోన్లో అక్షరాలు చీమల్లా కనిపిస్తాయి. పెద్దవి చేస్తే ప్రతి లైనుకూ పేజీని పక్కకు జరుపుకోవాలి. అందులో ఏ తెలుగు మాటా వెతికితే దొరకదు, ఎందుకంటే కంప్యూటర్‌కు అవి తెలుగు అక్షరాలుగా తెలియవు. అన్నిటికంటే నాకు బాధ కలిగించే విషయం, చూపులేని పాఠకులు ఆ పుస్తకాన్ని వినలేరు. యూనికోడ్‌లో (ఫోన్లు, కంప్యూటర్లు తెలుగును తెలుగుగానే గుర్తించే అక్షర పద్ధతి) ఉంటే ఫోన్ దాన్ని పైకి చదివి వినిపిస్తుంది. అను ఫైలైతే అర్థంలేని ఇంగ్లీషు గుర్తులు పలుకుతుంది. అచ్చు పుస్తకం ఎన్నడూ చేరలేని పాఠకులు వీళ్లు. ఉచిత ఈబుక్ వల్ల మీకు దక్కే కొత్త పాఠకుల్లో వీళ్లను మొదట లెక్కపెట్టండి.

కాబట్టి ముందు యూనికోడ్‌లోకి మార్పించండి. మార్చే టూల్స్ ఉన్నాయి, మీ అబ్బాయికి అది కష్టం కాదు. కానీ మార్చాక తప్పులు వస్తాయి. వత్తులు పక్క అక్షరానికి అంటుకుంటాయి, కొటేషన్ గుర్తులు ఇంకేవో అవుతాయి, అక్కడక్కడా మాటలు కలిసిపోతాయి. అచ్చు పుస్తకం పక్కన పెట్టుకుని మొదటి నుంచి చివరిదాకా మీరే ప్రూఫ్ చూడండి. ముప్పై ఏళ్లు దిద్దిన చేయి మీది, ఈ పనికి మీకంటే సరైనవాళ్లు దొరకరు. ఆ తర్వాత ఈపబ్ ఫైలు ఒకటి, పీడీఎఫ్ ఒకటి, రెండూ చేయించండి. ఈపబ్ ఫోన్లో అక్షరాల సైజు ఎంత పెంచినా లైన్లు సర్దుకుంటాయి. పీడీఎఫ్‌ను ప్రింట్ తీసుకునేవాళ్ల కోసం ఉంచండి. ‘ఉచితం’ అనే మాట పాఠకుడి వైపు నుంచి నిజం. మీకు మాత్రం కొన్ని నెలల శ్రమ ఉంటుంది, ప్రూఫులకు మనిషిని పెట్టుకుంటే డబ్బూ అవుతుంది.

మీ స్నేహితుడి భయం గురించి. ఉచితంగా ఇచ్చినంత మాత్రాన హక్కు పోదు. మన కాపీరైట్ చట్టం 1957 ప్రకారం రచయిత జీవించినంత కాలం, ఆ తర్వాత 60 ఏళ్లు రచన మీద హక్కు ఉంటుంది. రిజిస్ట్రేషన్ చేయించకపోయినా ఉంటుంది. 1979లో పోయిన చలం రచనలకు సైతం 2039 చివరిదాకా కాపీరైట్ ఉంది. ఫోన్లలో తిరిగే ప్రతి పాత పుస్తకం అందరి సొత్తు అనుకోవడం పొరపాటు. మీ పేరు తీసేసి తన పేరు పెట్టుకునేవాడి విషయంలో అదే చట్టంలోని 57వ సెక్షన్ మీ పక్షాన ఉంది. హక్కులు అమ్మేసుకున్నా సరే, ‘ఇది నా రచన’ అని చెప్పుకునే హక్కు రచయితకే ఉంటుంది. నిజానికి తేదీతో సహా బహిరంగంగా విడుదలైన పుస్తకం ఉంటే, ఎవరు ముందు రాశారో నిరూపించడం తేలికవుతుంది. అట్టపెట్టెలో ఉన్న పుస్తకాన్ని దొంగిలిస్తే ఎవరికీ తెలియదు. వందలమంది చదివిన కథను దొంగిలిస్తే ఎవరో ఒకరు ‘ఇది ఫలానా మాస్టారి కథ’ అంటారు.

అయితే షరతులు మీరే రాసిపెట్టాలి. రెండో పేజీలో తేట తెలుగులో ఇలా వేయండి: ‘ఈ పుస్తకాన్ని ఉన్నది ఉన్నట్టుగా, డబ్బు తీసుకోకుండా ఎవరికైనా పంపవచ్చు. అచ్చు వేయడానికి, ఆడియోగా చదివి ప్రసారం చేయడానికి, నాటకంగా, షార్ట్ ఫిల్మ్‌గా, సినిమాగా తీయడానికి, అనువదించడానికి రచయిత రాతపూర్వక అనుమతి తప్పనిసరి.’ క్రియేటివ్ కామన్స్ లైసెన్సుల్లో (రచయిత తన రచనను ఎలా వాడుకోవచ్చో ముందే చెప్పే సిద్ధ షరతులు) వాణిజ్యానికీ మార్పులకూ ఒప్పుకోని రకం దాదాపు ఈ పనే చేస్తుంది. అదే మీ కథలు తెలుగు వికీసోర్స్ అనే ఉచిత ఆన్‌లైన్ గ్రంథాలయంలో ఉండాలంటే వాణిజ్య వాడకానికి కూడా ఒప్పుకునే లైసెన్స్ ఇవ్వాలి. ఇచ్చిన లైసెన్స్‌ను తర్వాత వెనక్కి తీసుకోలేరు. ఆ దారి ఎంచుకునే ముందు ఒక్క రోజు కాదు, ఒక నెల ఆలోచించండి. సినిమావాళ్లో వెబ్ సిరీస్ వాళ్లో అడగదగ్గ కథలు మీ దగ్గరుంటే, నా సలహా వద్దనే.

ఇంకో చిన్న పని. ముఖచిత్రం గీసిన ఆర్టిస్టుకూ, ముందుమాట రాసినవారికీ తమ పని మీద హక్కులుంటాయి. అచ్చు కోసం ఇచ్చిన అనుమతి ఈబుక్‌కు కూడా వర్తిస్తుందనుకోకుండా ఇద్దరికీ ఒక మెసేజ్ పెట్టి ‘సరే’ అనిపించుకోండి. కథలు మొదట వారపత్రికల్లో వచ్చి ఉంటే, వాళ్లకు మీరు హక్కులు రాసిచ్చి ఉంటే తప్ప ఇబ్బంది లేదు.

ఎక్కడ పెట్టాలంటే, ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో ఈపబ్, పీడీఎఫ్ రెండూ పెట్టండి. గూగుల్ ప్లే బుక్స్‌లో వెల సున్నా అని నేరుగా పెట్టే వీలుంది. అమెజాన్ వారి ఈబుక్ వేదిక కిండిల్ ఈ పనికి నప్పదు. 2016 చివర్లో కిండిల్‌లో హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం పుస్తకాలు మొదలైనప్పుడు తెలుగును పక్కన పెట్టారు. పైగా అక్కడ సెలెక్ట్ పథకంలో చేరితే 90 రోజుల్లో 5 రోజులు మాత్రమే ఉచితంగా ఇవ్వనిస్తారు, ఆ కాలమంతా అదే ఈబుక్ ఇంకెక్కడా ఉండకూడదు. ప్రతిలిపి లాంటి కథల యాప్‌లలో పాఠకులు ఎక్కువే. అయితే అక్కడ రోజువారీ సీరియళ్ల అలవాటు బలంగా ఉంది, మీ కథల నడకకు అది సరిపడకపోవచ్చు.

ఇప్పుడు నవల. దీన్ని ఉచితంగా ఎందుకు వద్దంటున్నానో మనసులో మాట చెబుతాను. మీకు పెన్షన్ వస్తుంది కాబట్టి డబ్బు మీద ఆశ లేదనగలిగారు. మీ వెనక రాస్తున్న పాతికేళ్ల కుర్రాడికి ఆ వెసులుబాటు లేదు. అప్పు చేసి ఏడాదికి ఐదారు పుస్తకాలు తెచ్చే చిన్న ప్రచురణకర్తకూ లేదు. డీటీపీ ఆపరేటర్‌కు, ప్రూఫులు దిద్దే మనిషికి, బొమ్మలు గీసే ఆర్టిస్టుకు ఆ పుస్తకం అమ్మిన డబ్బుల్లోంచే ఇవ్వాలి. మీలాంటి పెద్దలు కొత్త నవలలన్నీ మొదటిరోజే ఉచితంగా ఇచ్చేస్తూ పోతే, పాఠకుడు ‘తెలుగు నవలకు 200 పెట్టడమెందుకు, ఎలాగూ పీడీఎఫ్ వస్తుందిగా’ అనే అలవాటులో పడతాడు. ఇప్పటికే చాలామంది ఆ అలవాటులో ఉన్నారు. టీకీ టిఫిన్‌కీ వెనకాడకుండా ఖర్చుపెట్టేవాళ్లు సైతం కొత్త పుస్తకం పేరు వినగానే ‘పీడీఎఫ్ ఉందా?’ అని అడుగుతున్నారు. ఆ ప్రశ్న విన్న ప్రతిసారీ నాకు కడుపు మండుతుంది. పాత పుస్తకాన్ని ఉచితంగా ఇస్తే కొత్త పాఠకుడు పుడతాడు. కొత్త పుస్తకాన్ని కూడా అలాగే ఇస్తే కొనే పాఠకుడు మిగలడు.

ఇంకో కారణం ఏమిటంటే, అచ్చుకు వెళ్లే ముందు పుస్తకాన్ని ఎడిటర్ చూస్తాడు, ప్రూఫ్ రీడర్ చూస్తాడు, ‘ఈ అధ్యాయం సాగింది మాస్టారూ’ అని మొహమాటం లేకుండా చెబుతాడు. నేరుగా ఉచిత ఈబుక్ అనగానే రచయితలు ఎక్కువగా ఆ మెట్టు దాటేస్తారు. మీ నవలకు ఆ అన్యాయం చేయకండి.

అచ్చు ఖర్చు భయమైతే ఈసారి 500 వేయక్కర్లేదు. డిజిటల్ ప్రింటింగ్‌లో వంద కాపీలు వేయించుకోవచ్చు, అయిపోతే మళ్లీ వంద. కాపీ ఒక్కింటికి ఖర్చు కొంచెం ఎక్కువైనా డబ్బు అట్టపెట్టెల్లో ఇరుక్కోదు. మొదటి మూడు అధ్యాయాలు ఉచితంగా ఇవ్వండి, కథల పుస్తకం ఈబుక్ చివర కూడా వాటిని చేర్చండి. నవల ఈబుక్‌కు 80 నుంచి 100 రూపాయల మధ్య వెల పెట్టండి. రెండేళ్లు పోయాక, అమ్మకం ఆగిపోయిందనిపిస్తే అప్పుడు ఉచితం సంగతి చూద్దాం. ఎవరైనా ప్రచురణకర్త ముందుకొస్తే ఒప్పందంలో అచ్చు హక్కు వేరుగా, ఈబుక్, ఆడియో హక్కులు వేరుగా రాయించుకోండి, కాలపరిమితి కూడా రాయించండి. రాయకపోతే చట్టం దాన్ని ఐదేళ్లుగా లెక్కిస్తుంది.

మిగిలిన 180 కాపీల్లో ఒక 80 మీ ఈబుక్ చదివి అడిగేవాళ్ల కోసం ఉంచండి. తక్కినవి గ్రంథాలయాలకు ఇచ్చేయండి. మీకు దగ్గర్లోనే 1918 నుంచి నడుస్తున్న వేటపాలెం సారస్వత నికేతనం ఉంది, మొదటి కాపీ అక్కడికే తీసుకెళ్లండి. హైదరాబాద్‌లో సుందరయ్య విజ్ఞాన కేంద్రం ఉంది. పొగాకు పండే మండలాల్లోని హైస్కూళ్లకు ఒక్కొక్కటి ఇవ్వండి, ఆ పిల్లలకు ఆ కథలు సొంత ఇంటి కథలు. సొంతంగా వేసుకున్నారు కాబట్టి చట్టం దృష్టిలో ప్రచురణకర్త మీరే. 1954 నాటి చట్టం ప్రకారం ప్రచురణకర్త తన ఖర్చుతో కోల్‌కతాలోని నేషనల్ లైబ్రరీకి, మరో మూడు గ్రంథాలయాలకు కాపీలు పంపాలి. 2019లో పంపి ఉండకపోతే ఈ వారంలోనే పోస్టులో పంపండి, నవలకు మాత్రం పుస్తకం వచ్చిన నెలలోపే పంపాలని గుర్తుపెట్టుకోండి.